యంత్రము తప్పు చెప్పు తీరు

కోనసీమలో అమలాపురమునకు దక్షిణముగా, సముద్రమునకు చేరువలో అల్లవరము కలదు. ఆ మండలములోనిదే ఓడలరేవు. వైనతేయ గోదావరి సాగరమున కలియు చోటికి సమీపమున నున్న ఈ గ్రామములో నేడు బోనం వెంకట చలమయ్య ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. ఇట్టి విద్యాలయములకు పరిసర గ్రామములనుండి వచ్చు విద్యార్థులలో పెక్కురు ఇంటను వీథిని తెలుగే మాటలాడుదురు. అట్టి విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి తొలి ప్రోగ్రామును వ్రాసిననాడే, ఆ యంత్రమునుండి అతని కొక జాబు వచ్చును. అది ఇంగ్లీషులో నుండును. మిక్కిలి పొట్టిగా నుండును. ‘ఆరవ పంక్తిలో ఫలాని మాటకు ముందు ఫలాని గుర్తు ఉండవలసి యుండెను’ అని దాని తాత్పర్యము. ఆరవ పంక్తిని ఎంత తేరిపార జూచినను అందు తప్పేమియు గానరాదు. నిజముగా తప్పు అయిదవ పంక్తి చివర నున్నది. అచట పెట్టవలసిన సెమికోలను అతడు పెట్టలేదు.

ఈ జాబునకు దోషసందేశ మని పేరు. అల్లవరమున వ్రాసినను, అమెరికాలో వ్రాసినను అదే తప్పునకు అదే సందేశము వచ్చును. కాని చదువువారందరకును అది ఒక్క తీరున బోధపడదు. అనుభవశాలి దానిని చూచినంతనే పై పంక్తికి కన్ను త్రిప్పును. కొత్తవాడు తనకీ విద్య రాదేమో యని దిగులుపడును. తప్పు ఒక చిన్న గుర్తుది. దిగులు మాత్రము తన బుద్ధిని గూర్చి. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును తగ్గించుటకై శాస్త్రజ్ఞులు అరువది యేండ్లకు పైగా పాటుపడుచున్నారు.

సందేశమును వ్రాయునది కంపైలరు. కంప్యూటరునకు సూటిగా తెలియునవి ఒకటి, సున్న అను రెండు గుర్తులతో కూడిన ఆజ్ఞలు మాత్రమే. మనుష్యులు ఆ భాషలో వ్రాయుట దుర్భరము. కావున వారు తమకు సులభమగు నొక భాషలో వ్రాయుదురు. దానిని యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రామే కంపైలరు. ఇట్టి ప్రయత్నములలో తొలి వానిగా లెక్కింపబడు దానిని అమెరికాలో గ్రేస్ హాపర్ అను గణితవిదుషి 1952లో నిర్మించెను. మన తీరమున ఆంగ్లేయ వర్తకులు స్థావర మేర్పరచుకొనిన బెండమూర్లంక కూడ అల్లవరము మండలములోనిదే. అట్టి చోట్ల వర్తకునకును నేతగానికిని నడుమ దుబాసీ యుండెడివాడు. కంపైలరు చేయు పనియు దుబాసీ పనియే. నేతగాని మాట తనకు అర్థము కానప్పుడు దుబాసీ ‘తప్పు’ అని మాత్రము పలికి ఊరకున్నచో బేరము సాగదు. ఏ మాట అర్థము కాలేదో, దానికి బదులు ఏమనవలెనో అతడు చెప్పవలెను. ఆ చెప్పుటలోనే కంపైలర్లు చిరకాలము వెనుకబడి యుండెను.

విచిత్రమేమనగా, కంపైలర్ల చరిత్ర ఆరంభముననే ఒక చక్కని దోషసందేశము కలదు. ఐ.బి.ఎమ్. సంస్థలో జాన్ బాకస్ అను నాతడును అతని సహచరులును ఫోర్ట్రాన్ అను భాషకు కంపైలరును నిర్మించి 1957లో బయటికి పంపిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ మాసమున పిట్స్‌బర్గ్ సమీపముననున్న వెస్టింగ్‌హౌస్ వారి బెటిస్ ప్రయోగశాలకు ఒక కార్డుల పెట్టె చేరెను. దానిమీద పేరు లేదు. వాడుక విధానమును తెలుపు కాగితమును లేదు. అది ఫోర్ట్రాన్ కంపైలరే కావచ్చునని అచటివారు ఊహించిరి. హెర్బర్ట్ బ్రైట్ అను నాతడును అతని తోటివారును ఆ కార్డులను యంత్రమున కెక్కించి, తాము వ్రాసిన యొక చిన్న ప్రోగ్రామును దానికిచ్చి చూచిరి. యంత్రము కొంతసేపు పనిచేసి ఒక్క తప్పును అచ్చొత్తెను. ఆ వాక్యము ఏ రకమునకు చెందినదో, అందు కుడి బ్రాకెట్టు తరువాత కామా లేదని స్పష్టముగా చెప్పి, దోషముల జాబితా ఇంతటితో ముగిసినదని కూడ తెలిపెను. వారు ఆ కామాను చేర్చిరి. ప్రోగ్రాము నడచెను. బ్రైట్ తరువాతి కాలమున ఈ వృత్తాంతమును వ్రాసి యుంచెను. వాడుక పుస్తకము లేకపోయినను వారు పని సాగించుకొనుటకు ఆ సందేశ మొక్కటియే చాలినది. సందేశ మెట్లుండవలెనో ఆనాడే తెలిసి యుండియు, తరువాత అందరును దాని ననుసరింపలేదు.

అందుకు కారణము అలసత్వ మొక్కటే కాదు. ఆ కాలపు యంత్రములలో జ్ఞాపకస్థలము మిక్కిలి కొద్ది. ఒక్కొక్క అక్షరమును కొంత చోటు నాక్రమించును. కావున పెక్కు కంపైలర్లు వాక్యమునకు బదులు ఒక సంఖ్యను మాత్రము అచ్చొత్తెడివి. ఆ సంఖ్యకు అర్థమేమో తెలిసికొనుటకు బరువైన గ్రంథమును తిరుగవేయవలెను. యూనిక్స్ వ్యవస్థలోని ఎడ్ అను ప్రోగ్రామయితే, పొరపాటు ఏదైనను ఒక ప్రశ్నార్థకమును మాత్రము చూపెడిది. అంతకంటె పొదుపైన సందేశమును వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు! దానికి తోడు, నాడు ప్రోగ్రాములు రంధ్రములు పొడిచిన కార్డులపై నుండెడివి. విద్యార్థి తన కార్డుల కట్టను గవాక్షమువద్ద ఇచ్చి పోవలెను. ఫలితము కొన్ని గంటలకో, మరునాటికో చేతికి వచ్చును. ఒక్క కామా లోపించిన యెడల ఒక దినము వ్యర్థము.

ఈ వ్యర్థమును చూచి కలత చెందిన వారిలో విశ్వవిద్యాలయముల అధ్యాపకులు ముందు నిలిచిరి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1962 ప్రాంతమున కార్క్ అను భాష వెలసెను. దాని కంపైలరు తప్పును చూపుటతో ఆగక, దానిని తానే సవరించి, చేసిన సవరణను తెలిపి, పనిని ముందునకు సాగించెడిది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున 1965లో వాట్‌ఫోర్ అను ఫోర్ట్రాన్ కంపైలరును విద్యార్థులే నిర్మించిరి. వేగమునకును, తేటయైన సందేశములకును అది పేరు పొందెను. తప్పులెట్టివో ఆ కష్టమును పడుచున్నవారికే బాగుగా తెలియును గదా! 1967లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు డిట్రాన్ కూడ దోషసూచననే తన ముఖ్యలక్ష్యముగా ప్రకటించుకొనెను.

అయినను ప్రశ్న మిగిలియే యున్నది. తప్పు అయిదవ పంక్తిలో నుండగా కంపైలరు ఆరవ పంక్తిని ఏల చూపును? ఇది కంపైలరు తెలివిమాలినతనము కాదు. దీనిని గ్రహించుటకు కోనసీమ కాలువలను తలచుకొనుట మేలు. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ 1847 నుండి 1852 వరకు నిర్మింపించిన ఆనకట్టనుండి కాలువలు మధ్య డెల్టా యంతటను ప్రాకి సముద్రతీరపు పల్లెలవరకు వచ్చును. కాలువ చివరనుండు పొలములను శివారు భూములందురు. శివారు పొలమునకు ఒకనాడు నీరు రాలేదనుకొనుడు. నీరు రాలేదని మొదట తెలియునది ఆ పొలములోనే. కాని కారణము అచట లేదు. ఎగువ నెక్కడనో గట్టునకు గండిపడి యుండవచ్చును. ఏదో లాకు తలుపు దింపి యుండవచ్చును. లోపము బయటపడు చోటు వేరు, లోపము జరిగిన చోటు వేరు.

కంపైలరును ప్రోగ్రామును ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి, మాట వెంబడి మాటగా చదువును. అయిదవ పంక్తి చివర సెమికోలను లేకపోయినను వెంటనే అది శంకింపదు; ఏలయన పంక్తి మారినంతమాత్రమున వాక్యము ముగిసినదని సీ వంటి భాషలలో నియమము లేదు. వాక్యము క్రింది పంక్తిలో కొనసాగవచ్చును. కావున అది ఆరవ పంక్తిలోనికి దిగును. అచట మొదటి మాట ముందరి వాక్యముతో ఏ విధముగను అతుకకపోవుటచేత అప్పుడు ఉలికిపడి ఆగును. బ్రాకెట్టు విషయమున ఇది మరింత దూరము పోవును. మూడవ పంక్తిలో తెరచిన బ్రాకెట్టును మూయుట మరచిన యెడల, కంపైలరు మూసెడి గుర్తు వచ్చునని కాచుకొని, కొన్ని వేళల ప్రోగ్రాము తుదివరకు పోయి, ‘అనుకోని విధముగా గ్రంథము ముగిసినది’ అని చెప్పును. ఆ మాట సత్యమే. నీరు రాలేదనుట సత్యమైనట్లే అదియు సత్యము. కాని రైతునకు కావలసినది గండి ఎచ్చట పడినదో.

మార్గము కష్టమైనది కాదు. తెరచిన ప్రతి బ్రాకెట్టు యొక్క స్థలమును కంపైలరు జ్ఞాపకముంచుకొనిన చాలును. మూసెడి గుర్తు దొరకనప్పుడు తుదిపంక్తిని చూపుటకు మారుగా, తెరచిన చోటికే పోయి ‘ఇచట తెరచిన బ్రాకెట్టును మూయలేదు’ అని చెప్పవచ్చును. నేడు బడులలో సయితము నేర్పుచున్న పైథాన్ అను భాషలో 2021 అక్టోబరులో వెలువడిన 3.10 సంచిక ఈ మార్పునే చేసెను. అంతకుముందు సంచికలు అదే తప్పునకు దూరపు పంక్తిని చూపి, వాక్యనిర్మాణము సరికాదని మాత్రము చెప్పెడివి. పైథాన్ తొలుత వెలువడినది 1991లో. ఇంత చిన్న సౌకర్యమునకు ముప్పది యేండ్లు పట్టినది! కంపైలరును నిర్మించువారు సరియైన ప్రోగ్రాములను త్వరగా నడపుటయందే చిరకాలము దృష్టి నిలిపిరనుటకు ఇదియొక సాక్ష్యము.

రెండవ చిక్కు ఒక తప్పునుండి పది తప్పులు పుట్టుట. దీనిని పద్యమునుబట్టి చూడవచ్చును. ఉత్పలమాలలో ప్రతి పాదమునందును భ, ర, న, భ, భ, ర, వ అను గణములు వరుసగా వచ్చును. పాదమునకు ఇరువది యక్షరములు. పదవ యక్షరము యతిస్థానము. ఒక విద్యార్థి మొదటి పాదమున ఒక యక్షరమును జారవిడిచెననుకొనుడు. పరీక్షించువాడు పాదాంతమును పట్టించుకొనక, పద్యమంతటిని మొదటినుండి మూడేసి యక్షరములుగా విడదీయుచు పోయినచో, ఆ యక్షరము లోపించిన చోటునుండి గురులఘువులన్నియు ఒక స్థానము వెనుకకు జరిగి, తరువాతి గణములలో హెచ్చుభాగము తప్పుగా తోచును. నాలుగు పాదములును చెడినవని అతడు తీర్పు చెప్పును. చేయితిరిగిన గురువు అట్లు చేయడు. మొదటి పాదమున గణభంగమును గుర్తించి, దానిని అంతటితో విడిచి, రెండవ పాదము మొదటి యక్షరమునుండి లెక్కను మరల ప్రారంభించును. అప్పుడు ఒక తప్పు ఒక తప్పుగానే యుండును.

కంపైలర్లలో చేయు ఉపాయమును ఇదియే. తప్పు తగిలినంతనే, సెమికోలనో, మూసెడి బ్రాకెట్టో వచ్చువరకు నడుమనున్న మాటలను దాటిపోయి, అచటినుండి చదువును కొత్తగా ఆరంభింతురు. సెమికోలను వానికి పాదాంతము వంటిది. ఈ యుపాయమునకు ఆంగ్లమున ‘పానిక్ మోడ్’ అని పేరు పెట్టిరి. పేరులోనున్న కంగారు పనిలో లేదు. కాని దాటుట ఎక్కువైనచో అచటి అసలు తప్పులు కనబడకుండ పోవును. తక్కువైనచో లేని తప్పులు పుట్టును. అందువలననే అనుభవజ్ఞులు విద్యార్థులకు ఒక హితము చెప్పుదురు: సందేశములు నలువది వచ్చినను మొదటి దానిని మాత్రము సవరించి, ప్రోగ్రామును మరల కంపైలరున కిచ్చి చూడవలెను. పెక్కుసారులు తక్కిన ముప్పదితొమ్మిదియు వాటంతట అవియే మాయమగును.

ఇక మాటల సంగతి. మన వ్యాకరణములలో లక్షణమునకు లోబడని ప్రయోగమును అసాధువందురు. ఛందస్సులో యతిభంగము, ప్రాసభంగము, గణభంగము అని వేరువేరు పేర్లు గలవు. ఆ పేరు వినినంతనే తప్పు ఏ జాతిదో తెలియును. తప్పు చేసినవానిని గూర్చి అందొక్క మాటయు లేదు. కంప్యూటరు సందేశములలో ఇట్లు కాదు. ‘ఇల్లీగల్’ అని యుండును. అది న్యాయస్థానపు మాట. ‘ఫేటల్’ అని యుండును. అది చావునకు సంబంధించిన మాట. ఒక కామా లోపించుట చట్టవిరుద్ధమును కాదు, ప్రాణాంతకమును కాదు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెన్ ష్నైడర్‌మన్ 1982లో సందేశరచనను గూర్చి ఒక వ్యాసమును ప్రకటించి, ఇట్టి దూషణపదములను విడువవలెననియు, ఏమి చేసిన తప్పు తీరునో దానిని చెప్పవలెననియు హితవు పలికెను. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఆ మాటలను అలవాటుచే లెక్కచేయక పోవచ్చును. నిఘంటువు సహాయముతో చదువు బాలునకు మాత్రము అవి తమ పూర్తి యర్థముతోనే తగులును.

అసలు సందేశములను ప్రోగ్రామర్లు చదువుదురా అను సందేహము కూడ లేకపోలేదు. చదువకయే కొట్టివేయుదురని పలువురు తలచెడివారు. నార్త్ కారొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన టైటస్ బారిక్ అను పరిశోధకుడును అతని సహచరులును కంటిచూపు కదలికను కొలుచు పరికరముతో 56 మందిని పరీక్షించి 2017లో ఫలితములను ప్రకటించిరి. వారు చదువుచునే యున్నారని తేలెను. తమ చూపులో 13 నుండి 25 శాతమువరకు ఆ సందేశములమీదనే నిలిపిరి. అంతేకాదు, సందేశమును చదువుట ప్రోగ్రామును చదువుటతో సమానమైన శ్రమగా నుండెను. సహాయము చేయవలసిన వాక్యమే మరియొక చిక్కుముడి యైనదన్నమాట. గూగుల్ సంస్థలో తొమ్మిది మాసములలో జరిగిన 2 కోట్ల 66 లక్షల కంపైలు ప్రయత్నములను పరిశీలించి 2014లో ప్రకటించిన మరియొక వ్యాసమువలన, తప్పులలో అత్యధికభాగము కొద్ది రకములకే చెందునని తెలియవచ్చెను. పేరు దొరకకపోవుట వానిలో ముఖ్యమైనది: పేరులో ఒక యక్షరము తప్పు పడినను, దానిని ముందుగా ప్రకటింపకపోయినను కంపైలరునకు అది ఎరుగని పేరే. ఆ కొద్ది రకముల సందేశములను శ్రద్ధతో తిరిగి వ్రాసినచో ఎంత కాలము మిగులునో ఊహింపవచ్చును.

పేరులో అక్షరము తప్పినప్పుడు తపాలా బంట్రోతు ఏమి చేయును? కవరుమీద ‘అలవరము’ అని యున్నను, క్రింద అమలాపురము అని చూచి, ఇది అల్లవరమే కావచ్చునని తలచును. కంపైలరును అట్లు తలచుటకు ఒక లెక్క కావలెను. రెండు మాటలలో ఒకదానిని రెండవదానిగా మార్చుటకు ఎన్ని యక్షరములను చేర్చవలెనో, తీసివేయవలెనో, మార్చవలెనో లెక్కించి, ఆ సంఖ్యను ఆ మాటల నడిమి దూరముగా గ్రహింతురు. 1965లో సోవియట్ గణితజ్ఞుడు వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ప్రతిపాదించిన దూరమిది. ప్రోగ్రామున అంతకుముందు వచ్చిన పేర్లలో ఏది ఈ తప్పుపేరునకు అతి సమీపమున నున్నదో దానిని చూపి, ‘మీరు దీనిని ఉద్దేశించితిరా?’ అని కంపైలరు అడుగును. ఆపిల్ సంస్థ ఆదరమున పెరిగి 2007లో బహిర్గతమైన క్లాంగ్ అను కంపైలరు ఇట్టి సూచనలచేతను, తప్పు పడిన మాట క్రిందనే బాణపుమొన వంటి గుర్తు నుంచుటచేతను పేరు గాంచెను. పాతకాలపు జీ.సీ.సీ. కంపైలరు కూడ 2013లో ఆ గుర్తును స్వీకరించెను. పోటీవలన లోకమునకు మేలు కలిగిన సందర్భములలో ఇదియొకటి.

ఎల్మ్ అను భాషను నిర్మించిన ఇవాన్ చాప్లిట్స్కీ 2015లో మరియొక యడుగు ముందునకు వేసెను. అతని కంపైలరు ‘నేను’ అని మాటలాడును: ‘ఈ పేరు నాకు కనబడలేదు, దీనిని పోలిన ఈ పేర్లు మాత్రము కలవు’ అని. తప్పు నీది అనుటకు బదులు నాకు బోధపడలేదనుట. యంత్రము ‘నేను’ అనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పండితుడు శిష్యుని ఎదుట ‘నాకు అన్వయము కుదరలేదు, మరల చదువుము’ అనుట మనకు కొత్తది కాదు. రస్ట్ అను భాషవారు 2016లో తమ సందేశముల రూపమును మార్చి, ప్రోగ్రాములోని పంక్తినే ఎత్తి చూపి, తప్పు పడిన భాగమునకును దానికి కారణమైన భాగమునకును వేరువేరు గుర్తులు పెట్టిరి. శివారు పొలమును గండినీ ఒకే పటములో చూపుట వంటిది ఈ పద్ధతి.

ఇంతవరకు వచ్చినవారికి, కంపైలరే తప్పును దిద్దరాదా అని తోచును. కార్నెల్‌లో కార్క్ దిద్దెడిది గదా! ఆ కాలమున ఒక దినము వృథా కాకుండుటకు అది తగియుండెను. నేడు ఫలితము క్షణములో వచ్చును. దిద్దుబాటును మనుష్యునకు సూచించి, నిర్ణయమును అతనికే విడుచుట మేలని పెక్కుమంది తలచుచున్నారు. ధరను గుణింపవలసిన చోట కూడినట్లు దిద్దినచో ప్రోగ్రాము నడచును, లెక్క మాత్రము తప్పును. కనబడు తప్పు పోయి కనబడని తప్పు వచ్చి చేరును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు 2017లో డీప్‌ఫిక్స్ అను సాధనమును ప్రకటించిరి. విద్యార్థులు సీ భాషలో వ్రాసిన 6,971 తప్పు ప్రోగ్రాములను దానికియ్యగా, 27 శాతమును అది కంపైలరు అంగీకరించునట్లు పూర్తిగా దిద్దెను. ఇది మెచ్చదగిన పనియే. కాని కంపైలరు అంగీకరించుట వేరు, విద్యార్థి మనసులోని భావము నెరవేరుట వేరు.

దీర్ఘమైన సందేశము మంచి సందేశమనుకొనుటయు పొరపాటే. సీ ప్లస్ ప్లస్ అను భాషలో ఒక్క చిన్న తప్పునకు పుటలకొలది సందేశము వచ్చుట ప్రోగ్రామర్లకు అనుభవమే. అందు అన్ని వివరములును ఉండును. కావలసినది ఎచ్చట నున్నదో తెలియదు. స్థలము, కారణము, ఉపాయము అను మూడును మొదటి రెండు మూడు పంక్తులలో నుండి, ఇంకను తెలిసికొన గోరువానికి మాత్రము విపులమైన వివరణము వేరుగా నుండుట మేలు. రస్ట్ కంపైలరు ప్రతి ముఖ్యదోషమునకు ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను చెప్పి యడిగినచో ఉదాహరణముతో కూడిన పాఠమును చూపును. ఒకనాడు అందరును విసుగుకొనిన సంఖ్యలే ఇట్లు వాక్యమునకు తోడుగా వచ్చినప్పుడు ఉపకరించుచున్నవి.

ఆ సంఖ్యలకు మరియొక ప్రయోజనము కలదు. అది ఓడలరేవు విద్యార్థులవంటివారికి సంబంధించినది. ఫిలిప్ గ్వో అను ఆచార్యుడు 74 మాతృభాషలు మాటలాడు 840 మందిని ప్రశ్నించి 2018లో ప్రకటించిన వ్యాసమునుబట్టి, ఇంగ్లీషును ప్రోగ్రామును ఒకేసారి నేర్వవలసి వచ్చుట ఇతర భాషలవారికి పెద్ద భారమని తెలియుచున్నది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయభాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి నిచ్చెను. బోధన తెలుగున సాగినను సందేశము ఇంగ్లీషున వచ్చుచుండును. దానిని తెనిగించిన చాలునని తోచవచ్చును. కాని తెనుగు సందేశమును పొందినవాడు దానిని గూర్చి ఇతరు లేమి వ్రాసిరో వెదకినప్పుడు, ఆ సమాధానములు ఇంగ్లీషు సందేశము క్రిందనే యుండును. ప్రక్కన సంఖ్య యుండినచో ఏ భాషవాడైనను అదే సమాధానమును చేరగలడు. అంతకంటె ముఖ్యమైన మాట: మూలమున చెడ్డ సందేశమును తెనిగించినచో చెడ్డ తెలుగు సందేశమే వచ్చును. ‘అనపేక్షిత చిహ్నము’ అనినంతమాత్రమున ఎవనికిని గండి కనబడదు.

తెనిగించుటలో తెలుగు వ్యాకరణమునకే చెందిన చిక్కును ఒకటి కలదు. కంపైలరు తన సందేశములను ముందుగా వ్రాసియుంచి, నడుమ ఖాళీ విడుచును. విద్యార్థి పెట్టిన పేరును అప్పటికప్పుడు ఆ ఖాళీలో చేర్చును. ఇంగ్లీషున పేరు మారదు. దానికి ముందు చిన్న మాట చేరిన చాలును. తెలుగున విభక్తి పేరు చివరనే చేరును. పేరునుబట్టి రూపము మారును. ‘ధర’ యైనచో ‘ధరకు’ అనవలెను. ‘మొత్తము’ అయినచో ‘మొత్తమునకు’ అనవలెను. విద్యార్థి ఏ పేరు పెట్టునో సందేశమును తెనిగించువానికి ముందుగా తెలియదు. ముక్కలు ముక్కలుగా తెనిగించి అతికినచో, ‘మొత్తముకు విలువ లేదు’ వంటి వికృతవాక్యములు పుట్టును. కావుననే ఇట్టి పనులకు వాడు గెట్‌టెక్స్ట్ అను సాధనమును నిర్మించినవారు, ముక్కలనుగాక పూర్తి వాక్యమునే అనువాదకున కీయవలెనని నియమించిరి. పూర్తి వాక్యము చేతికి వచ్చిన పిదప తెలుగువాడు వెదకుకొన వలసినది దూరమున లేదు. ‘అను’ అను చిన్న మాటను పేరు ప్రక్కన నిలిపినచో, విభక్తి ఆ పేరునకు గాక తరువాతి మాటకు చేరును. విద్యార్థి పెట్టిన పేరు తెలుగుదైనను ఇంగ్లీషుదైనను చెక్కుచెదరకుండ నిలుచును. అప్పుడు యంత్రము ఇట్లు చెప్పగలదు: ‘ఏడవ పంక్తిలోని “మొతము” అను పేరునకు విలువ దొరకలేదు. మూడవ పంక్తిలో “మొత్తము” అను పేరు కలదు. దానిని ఉద్దేశించితిరా?’